పొగ వేడెక్కిందా? ముందు గాలి సంగతి చూడండి

డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే నిలకడగా ఉంటుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గలేదు, ఫ్యాన్ తిరుగుతోంది, ఆయిల్ లైటు వెలగలేదు. అయినా ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగదు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ వెనక నల్లపొగ చిమ్ముతుంది. ఆపి బానెట్ ఎత్తితే టర్బో పక్కనుంచి సెగ మొహానికి కొడుతుంది. డీజిల్ పికప్ నడిపేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్ల వేడి వేరు, సిలిండర్‌లోంచి బయటికొచ్చే పొగ వేడి వేరు. నీళ్లు 90 డిగ్రీల దగ్గర నిమ్మళంగా ఉన్నప్పుడే పొగ 700 డిగ్రీలు దాటిపోవచ్చు. మామూలు పికప్‌లలో నీళ్ల వేడికే ముల్లు ఉంటుంది, పొగ వేడికి ఉండదు.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ అంచున ఉన్న యాప్రాల్‌లో ఇళ్లూ అపార్ట్‌మెంట్లూ లేస్తూనే ఉన్నాయి. టైల్స్, సిమెంటు, గ్రానైట్ పలకలు, వాటర్ క్యాన్లు, ఇల్లు మారేవాళ్ల సామాన్లు మోసేది పికప్‌లే. తక్కువ దూరం, ఎక్కువ బరువు, మొరం దుమ్ము, ఎండాకాలం మధ్యాహ్నం: ఈ బళ్ల రోజువారీ బతుకు ఇది. ఎగ్జాస్ట్ వేడి పెరగడానికి ఈ నాలుగూ చాలు. వీటిలో ఏది ఎంత చేస్తోందో తేల్చడం కష్టం కాదు, వరస తప్పకుండా వెతకడం తెలిస్తే.

పెట్రోల్ లెక్క ఇక్కడ చెల్లదు

పెట్రోల్ ఇంజన్‌లో గాలికీ ఇంధనానికీ దాదాపు ఒకే నిష్పత్తి నడుస్తుంది. కిలో పెట్రోల్‌కి సుమారు 14.7 కిలోల గాలి. డీజిల్ ఇంజన్ అలా కాదు. అందినంత గాలి పీల్చుకుంటుంది, కాలు తొక్కినదాన్ని బట్టి డీజిల్ మాత్రం ఎక్కువో తక్కువో పడుతుంది. బండి ఊరికే ఆన్‌లో నిలబడి ఉన్నప్పుడు కిలో డీజిల్‌కి 80 కిలోలు, అంతకంటే ఎక్కువ గాలి కూడా ఉండొచ్చు. నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు అది 20 కిలోల దగ్గరికి దిగుతుంది. డీజిల్ పూర్తిగా కాలడానికి రసాయనశాస్త్రం ప్రకారం కావలసింది 14.5 కిలోలే. మిగతా గాలి మంటలో పాలు పంచుకోకపోయినా వేడిని తనలోకి తీసుకుని పంచుకుపోతుంది. డీజిల్ ఇంజన్‌కి అదే రక్షణ.

దీన్ని కాగితం మీద లెక్క వేసి చూడొచ్చు. కిలో డీజిల్‌లో దాదాపు 42 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అందులో సుమారు మూడో వంతు, అంటే 14 మెగాజౌళ్లు, పొగతోపాటే బయటికి పోతుంది. కిలో పొగను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.1 కిలోజౌళ్లు కావాలి. కిలో డీజిల్‌కి 40 కిలోల గాలి అందితే 41 కిలోల పొగ వస్తుంది, దాని వేడి లోపలికెళ్లిన గాలి కంటే సుమారు 310 డిగ్రీలు పెరుగుతుంది. అదే డీజిల్‌కి 20 కిలోల గాలే అందితే ఆ 14 మెగాజౌళ్లనూ మోయడానికి 21 కిలోల పొగే ఉంటుంది, పెరుగుదల 600 డిగ్రీలు దాటుతుంది. గాలి ఇంకో పది శాతం తగ్గి 18 కిలోలకు దిగితే మరో 60 డిగ్రీలు ఎక్కుతుంది. అసలు ఇంజన్‌లో గోడలకు పోయే వేడి, మంట మొదలయ్యే సమయం లాంటివి కలిసి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి, దారి మాత్రం ఇదే. డీజిల్ బండిలో ఎగ్జాస్ట్ వేడెక్కిందంటే, చాలా సందర్భాల్లో, పడుతున్న డీజిల్‌కి తగ్గ గాలి అందడం లేదనే అర్థం.

గాలి మన ఊళ్లోనే పలచన

గాలి కొరత కొంత ఊరితోనే వస్తుంది. సికింద్రాబాద్ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి వాయుపీడనం విశాఖ తీరంలో కంటే సుమారు ఆరు శాతం తక్కువ. దానికి ఎండ తోడవుతుంది. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలున్నప్పుడు ఘనపు మీటరు గాలి దాదాపు 1.15 కిలోలు తూగితే, మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో 1.05 కిలోలే తూగుతుంది. అదే బండి, అదే బరువు, అదే రోడ్డు. జనవరిలో రాని నల్లపొగ మేలో వచ్చిందంటే ఒక్కోసారి ఇంజన్‌లో ఏ దోషమూ లేకపోవచ్చు. కొత్త బళ్లలో కంప్యూటర్ గాలిని కొలిచి డీజిల్‌ని తగ్గిస్తుంది. అక్కడ పొగ కనబడదు, "బండి గుంజట్లే" అన్న ఫిర్యాదే వినబడుతుంది. మెకానికల్ పంపు ఉన్న పాత బళ్లకు ఆ తెలివి లేదు. ఎప్పటిలాగే పోస్తాయి, పొగ కక్కుతాయి, వేడెక్కుతాయి.

ఈ కొరత తీర్చడానికే టర్బో వచ్చింది. బయటికి పోయే పొగ బలంతోనే గాలిని లోపలికి తోయవచ్చన్న ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. శ్రీసిటీ కర్మాగారంలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డి-మ్యాక్స్‌తో సహా ఇప్పటి డీజిల్ పికప్‌లు చాలావరకు టర్బోతో, దాని వెంట ఇంటర్‌కూలర్‌తో వస్తున్నాయి.

ఇంటర్‌కూలర్ ఎందుకో చూద్దాం. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 42 డిగ్రీల గాలి పీడనాన్ని టర్బో రెట్టింపు చేస్తే, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకున్నా, ఆ గాలి దాదాపు 140 డిగ్రీలై బయటికొస్తుంది. వేడి గాలి వ్యాకోచించి పలచబడుతుంది కాబట్టి నొక్కిన ఫలితం సగం ఆవిరైపోతుంది. ముందు గ్రిల్ వెనక ఉండే ఇంటర్‌కూలర్ దాన్ని 65 డిగ్రీల దాకా చల్లారిస్తే అదే చోటులో 20 శాతానికి పైగా ఎక్కువ గాలి పడుతుంది. ఇప్పుడు ఆ రెక్కల మధ్య మొరం, పురుగులు, ఆయిల్ జిడ్డు పేరుకుని గాలి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోయిందనుకోండి. సిలిండర్‌కి చేరే గాలి తొమ్మిది, పది శాతం పడిపోతుంది. పై లెక్క ప్రకారం అదొక 60 డిగ్రీలు. గాలి లోపలికి వెళ్లేటప్పుడే 35 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది, అదీ కలుస్తుంది. పైసా విలువైన విడిభాగమూ చెడిపోకుండానే పొగ వేడి 90 డిగ్రీలకు పైగా పెరిగింది. కావలసిందల్లా వెనకవైపు నుంచి మెల్లగా నీళ్లు కొట్టి రెక్కలు కడగడం.

ఎంత వేడి ప్రమాదం?

టర్బోకి ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో కొలిస్తే, ఆరోగ్యంగా ఉన్న డీజిల్ పికప్ ఐడిల్‌లో 100 నుంచి 150 డిగ్రీల మధ్య, సమతలం మీద సాఫీగా పోతున్నప్పుడు 250 నుంచి 400 మధ్య, నిండు బరువుతో ఎక్కేటప్పుడు 600 నుంచి 700 మధ్య చూపిస్తుంది. 700 డిగ్రీలు దాటి నిమిషాల తరబడి నిలబడితే కాలు తీయాల్సిందే. కొన్ని సెకన్ల పాటు దాటితే వేరు, ఘాట్ పొడుగునా దాటితే వేరు.

స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. పిస్టన్లకు వాడే అల్యూమినియం-సిలికాన్ మిశ్రమం 570 డిగ్రీల దగ్గరే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది. అయినా పిస్టన్ మామూలుగా కరగదు. మంట దాన్ని తాకేది క్షణంలో కొంతసేపే, కింద నుంచి ఆయిల్ చల్లుతూ ఉంటుంది. అందుకే దాని అంచు 300, 350 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. పొగ వేడి అదుపు తప్పితే ఆ అంచు బలం తగ్గి పగుళ్లు వస్తాయి, మానిఫోల్డ్ చీలుతుంది. టర్బో చక్రాన్ని మాత్రం నికెల్ మిశ్రమలోహంతో చేస్తారు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధానిలో విమాన ఇంజన్ల కోసం తయారయ్యే సూపర్ మిశ్రమలోహాలూ ఇదే కుటుంబానివి. చక్రం వేడిని తట్టుకుంటుంది కానీ దాని ఇరుసు దగ్గర ఉండే ఆయిల్ తట్టుకోలేదు. ఎత్తు ఎక్కి వచ్చిన బండిని వెంటనే ఆఫ్ చేస్తే ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. రెండు, మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపమనేది ఇందుకే.

మీటరు లేని బండిలో వేడి ఎంతుందో కళ్లతో తెలుసుకోవచ్చా? కొంతవరకు తెలుసుకోవచ్చు. 1847లో జాన్ విలియం డ్రేపర్ చూపించినట్టు, వేడెక్కిన వస్తువు ఏదైనా సుమారు 525 డిగ్రీల దగ్గర చీకట్లో మసక ఎరుపుగా కనిపించడం మొదలవుతుంది. రాత్రిపూట బరువుతో ఎక్కి వచ్చిన బండి బానెట్ ఎత్తితే మానిఫోల్డ్ మందంగా ఎర్రబడి ఉందంటే, ఆ ఇనుమే 525 దాటిందన్నమాట. లోపలి పొగ ఇంకా వేడిగా ఉంటుంది.

మొదటి ప్రశ్న: మీటరు నిజం చెబుతోందా?

విడిగా మీటరు పెట్టించుకున్నవాళ్లు ముందు దాన్నే అనుమానించాలి. ఇందులో వాడేది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల తీగల్ని ఒక కొన దగ్గర కలిపి వేడి చేస్తే విద్యుత్ పీడనం పుడుతుందని 1821లో థామస్ సీబెక్ గమనించాడు. ఎగ్జాస్ట్‌కి వాడే కె-రకం థర్మోకపుల్ డిగ్రీకి 41 మైక్రోవోల్టుల చొప్పున ఇస్తుంది. 700 డిగ్రీల దగ్గర మొత్తం 29 మిల్లీవోల్టులు, అంతే. ఇంత చిన్న సంకేతంలో కనెక్షన్ కాస్త వదులైనా అంకె మారిపోతుంది. తీగ చాలలేదని మధ్యలో మామూలు రాగి తీగ అతికిస్తే, ఆ అతుకు ఉన్నచోటి వేడి కూడా లెక్కలో దూరి తప్పు చూపిస్తుంది. కె-రకం తీగకు కె-రకం తీగే కలపాలి.

పరీక్ష తేలిక. రాత్రంతా నిలబెట్టిన బండిని తెల్లారి స్టార్ట్ చేయకముందు మీటరు చూడండి. బయటి వేడి ఎంతో అదీ అంతే చూపించాలి. బీఎస్-6 బండి అయితే స్కానర్ పెట్టి ఎగ్జాస్ట్ సెన్సర్లు, కూలెంట్, లోపలికెళ్లే గాలి అన్నిటి వేడీ ఒకేసారి చదవండి. చల్లని బండిలో అన్నీ దాదాపు ఒకే అంకె దగ్గర ఉండాలి. ఒక్కటే గుంపు వదిలి 80, 100 చూపిస్తుంటే జబ్బు ఆ సెన్సర్‌దే. మీటరు ఎక్కడ అమర్చారన్నదీ చూడాలి. టర్బోలో పొగ తన శక్తి కొంత వదిలేస్తుంది కాబట్టి టర్బో తర్వాత కొలిస్తే, బరువు మీద ఉన్నప్పుడు, వంద డిగ్రీలకు పైగా తక్కువ వస్తుంది. అక్కడ 600 కనిపిస్తే సంబరపడటానికి లేదు.

రెండోది: బరువు, బ్రేకు, గేరు

ఇంజన్‌ని విప్పకముందు బండి ఎంత పని చేస్తోందో చూడాలి. నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపి, చక్రాల దగ్గర చేయి తాకించకుండా సెగ చూడండి. ఒక చక్రం మిగతావాటికంటే వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంది. టైర్లలో గాలి తక్కువైనా, పరిమితికి మించి బరువు వేసినా ఇంజన్‌కి అదనపు పనే. ఓవర్‌లోడ్‌కి 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 20,000 రూపాయలు, ఆపైన టన్నుకి 2,000 చొప్పున జరిమానా వేస్తుంది. ఇంజన్ వేసే జరిమానా ఇంకా ఎక్కువ.

గేరు సంగతి డ్రైవర్ చేతిలో ఉంది. 2.5 లీటర్ల ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే, టర్బో తోపు లేకుండానే, 2,500 లీటర్ల గాలి పీలుస్తుంది. 1,400 చుట్లకు దిగితే 1,750 లీటర్లే. టర్బో తోపు కూడా అప్పుడు తగ్గిపోతుంది. మన్ననూరు దాటి నల్లమలలో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, పై గేరులోనే ఉంచి కాలు కిందిదాకా నొక్కితే పొగ మండిపోయేది ఇందుకే. ఒక గేరు దించితే చుట్లు పెరుగుతాయి, గాలి పెరుగుతుంది, అదే ఎత్తుకు అదే వేగంతో పోతున్నా మీటరు కిందికి దిగుతుంది. శబ్దం ఎక్కువైందని భయపడి పై గేరు వేసేవాళ్లు డీజిల్ ఆదా చేస్తున్నామనుకుంటారు.

మూడోది: గాలి దారి

ఇక గాలి వచ్చే దారంతా మొదటి నుంచి చూసుకు రావాలి. ఎయిర్ ఫిల్టర్ మొదటిది. పని జరుగుతున్న సైట్ల మధ్య తిరిగే బండికి కంపెనీ చెప్పిన కిలోమీటర్ల లెక్క చాలదు, ఇంకా ముందే మార్చాలి. కంప్రెసర్‌తో ఊదితే కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి, దుమ్ము నేరుగా టర్బో రెక్కల్ని కోస్తుంది.

తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు హోస్ పైపులు. చాలా బళ్లలో దొంగ ఇక్కడే దొరుకుతాడు, దొరక్కపోవడానికి కారణం కూడా ఉంది. ఐడిల్‌లో టర్బో తోపు ఉండదు కాబట్టి గ్యారేజీలో నిలబెట్టి చూస్తే పైపు బాగానే ఉంటుంది. రోడ్డు మీద బరువు పడ్డాక లోపలి పీడనానికి చీలిక నోరు తెరుస్తుంది. గుర్తు పట్టే మార్గం జిడ్డు. టర్బో నుంచి వచ్చే గాలిలో సన్నగా ఆయిల్ ఆవిరి ఉంటుంది. కారే చోట అది బయటికి చిమ్మి, దాని మీద మొరం అంటుకుని నల్లగా, తడిగా మరక కడుతుంది. క్లిప్పు కింద, పైపు వంపు అడుగున, బ్యాటరీ స్టాండుకో చాసిస్‌కో రాసుకునే చోట చేయి పెట్టి తడమండి, ఇంజన్ చల్లారాకే సుమా. అనుమానం తీరకపోతే పైపు రెండు కొనలూ మూసి కొద్దిపాటి గాలి పట్టించి సబ్బు నీళ్లు రాస్తే నురగ చోటు చూపిస్తుంది.

అప్పటికీ దొరక్కపోతే టర్బోని చూడాలి. దాని యాక్చుయేటర్ వ్యాక్యూమ్ పైపు చిట్లిందా? రెక్కల కోణం మారే రకమైతే మసి పట్టి బిగుసుకుపోయాయా? స్కానర్‌లో పీ0299 కోడ్ ఉంటే టర్బో ఇవ్వాల్సిన తోపు ఇవ్వడం లేదని కంప్యూటరే చెబుతున్నట్టు. అది టర్బో పోయిందన్న తీర్పు కాదు. చిట్లిన పైపుకీ అదే కోడ్ వస్తుంది. కోడ్ చూడగానే టర్బో మార్చేసి, పాత పైపే మళ్లీ తగిలిస్తే జబ్బు ఎక్కడికీ పోదు. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కున్నా ఇంతే. తాజా గాలి ఉండాల్సిన చోట పాత పొగ చేరుతుంది.

నాలుగోది: పొగ దారి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. దాంతోపాటు చాలా డీజిల్ బళ్లలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టర్ చేరింది. పేరుకున్న మసిని కాల్చడానికి బండి తనకు తానే ఎగ్జాస్ట్‌ని 550 నుంచి 650 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. పది, ఇరవై నిమిషాలు పడుతుంది. అప్పుడు కనిపించే వేడి జబ్బు కాదు, బండి చేసుకునే శుభ్రం. ఆ సమయంలో ఎండుగడ్డి మీద బండి ఆపకూడదు.

చిక్కు ఎక్కడంటే, యాప్రాల్ నుంచి సైనిక్‌పురికో ఏఎస్ రావు నగర్‌కో పోయి వచ్చే బండికి ఆ ఇరవై నిమిషాలు దొరకవు. మంట మొదలవుతుంది, ఇంజన్ ఆపేస్తారు. ఇలా జరుగుతూ పోతే ఫిల్టర్ మూసుకుపోతుంది, పొగ బయటపడలేక సిలిండర్ మీదే వెనక్కి నొక్కుతుంది, టర్బో ముందు వేడి ఇంకా పెరుగుతుంది. మసి కాల్చడానికి అదనంగా చల్లిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంది. ఆయిల్ పెరిగిందంటే మంచిదనుకోవద్దు. వారానికోసారి అరగంట ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగకుండా నడిపితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఫిల్టర్‌ని కోసి తీసేయడం చట్టవిరుద్ధం, ఆ మసి వెనకవచ్చేవాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

చివరిది: డీజిల్

గాలి దారీ పొగ దారీ బాగున్నాయని తేలాకే డీజిల్ మీద చేయి వేయాలి. నాజిల్ కారుతుంటే డీజిల్ సన్నని తుంపరగా కాకుండా చుక్కలుగా పడి ఆలస్యంగా కాలుతుంది. పంపు టైమింగ్ వెనకబడ్డా అంతే. మంట పిస్టన్‌ని తోయాల్సిన సమయం దాటిపోయి, ఆ వేడి వృథాగా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఒక్కో సిలిండర్ నుంచి వచ్చే మానిఫోల్డ్ గొట్టాన్ని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే ఒకటి మిగతావాటికి బాగా భిన్నంగా ఉందో లేదో తెలుస్తుంది. గన్ చూపేది ఇనుము పైవేడే, లోపలి పొగ వేడి కాదు, పోల్చడానికి మాత్రం పనికొస్తుంది.

పొగ రంగూ సాక్ష్యమే. నల్లపొగ, తోపు తక్కువ: గాలి లీకు. నల్లపొగ ఉన్నా తోపు సరిగానే ఉంది: ఇంటర్‌కూలర్ మురికి, లేదా డీజిల్ ఎక్కువ. పొగ లేదు, తోపు సరే, వేడి మాత్రం ఎక్కువ: టైమింగ్, మూసుకుపోయిన డీపీఎఫ్, లేదా అబద్ధమాడే సెన్సర్. "పికప్ పెంచుతాం" అంటూ కంప్యూటర్ లెక్కలు మార్చేవాళ్లు సాధారణంగా పెంచేది డీజిల్‌నే. గాలి అంతే ఉండి డీజిల్ పెరిగితే ఏమవుతుందో పై లెక్కే చెప్పింది.

కాబట్టి బండి వేడెక్కిందని గ్యారేజీకి తీసుకెళ్లినప్పుడు నాజిళ్లూ టర్బోనూ విప్పమనకండి. ముందు మీటరు, తర్వాత బరువు, ఆపైన ఫిల్టర్, పైపులు, ఇంటర్‌కూలర్, అప్పుడు డీపీఎఫ్, అన్నిటికంటే చివర డీజిల్ చూడమని అడగండి. ఈ వరసలో మొదటి సగానికి అయ్యే ఖర్చు ఒక ఫిల్టరు, రెండు క్లిప్పులు, కాసిని సబ్బు నీళ్లు.